మతిమరుపును వయసు మీదికి నెట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ముప్ఫై రెండేళ్ళపాటు ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ పత్రికలో ఆరోగ్య విషయాలకు కేటాయించే పుటను వదలకుండా చదువుతాను. పొగాకు గురించి రాసినప్పుడల్లా ఊపిరితిత్తులు, నోటి క్యాన్సరు, గుండెపోటు ప్రస్తావనకు వస్తాయి. మద్యం గురించి రాసినప్పుడు కాలేయం, రోడ్డు ప్రమాదాలు, చితికిపోయిన సంసారాలు వస్తాయి. అవన్నీ రాయవలసినవే. అయితే ఈ రెండు అలవాట్లూ మనిషి ఆలోచనను, జ్ఞాపకశక్తిని, మెదడునే ఎలా తినేస్తాయన్నది మాత్రం మన పత్రికల్లో గానీ, ఇళ్ళలో గానీ, చివరికి చాలా ఆసుపత్రుల్లో గానీ మాటల్లోకి రాదు. తాగేవాడు ఏదైనా మరచిపోతే తాగుడు తలకెక్కిందంటారు, లేదా వయసు మీద పడుతోందంటారు. ఆ రెండు మాటలతో సరిపెట్టుకుని మా ఇంట్లో ఒక మనిషిని బతికుండగానే చాలావరకు పోగొట్టుకున్నాము. ఆ అనుభవంతోను, తరువాతి నాలుగేళ్ళలో చదివి, వైద్యులను అడిగి తెలుసుకున్న విషయాలతోను ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదైనా ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

మా తమ్ముడు ఒక రైసు మిల్లులో పాతికేళ్ళు గుమాస్తాగా పనిచేశాడు. ఏ రైతు ఎన్ని బస్తాలు తోలాడో, ఏ లారీలో ఎంత తవుడు వెళ్ళిందో, ఎవరి దగ్గర ఎంత బాకీ నిలిచిందో చిట్టా తెరవకుండా చెప్పేవాడు. లెక్కల మాస్టారుగా నాకు ఊళ్ళో పేరుండేది గానీ, మా ఇద్దరిలో లెక్క నిజంగా తెలిసినది వాడికే. నలభై దాటిన దగ్గర నుంచి రాత్రిపూట ఒక క్వార్టరు అలవాటైంది. సిగరెట్లు అంతకుముందే ఉన్నాయి. యాభై వచ్చేసరికి తారీఖులు తడబడటం, అడిగిన మాటే మళ్ళీ అడగటం, కూడికల్లో తప్పులు రావడం, రెండు పనులు ఒకేసారి చెబితే విసుక్కోవడం మొదలైంది. మిల్లు యజమాని కొన్నాళ్ళు ఓర్చుకుని, చివరికి లెక్కల నుంచి తప్పించి కాటా దగ్గర కూర్చోబెట్టాడు. మేము దాన్ని అవమానంగా భావించాము తప్ప రోగలక్షణంగా చూడలేదు.

యాభై రెండో ఏట ఒకసారి వాంతులు పట్టుకుని నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. మందు కూడా ముట్టలేదు. అయినా నడక తూలింది, కనుగుడ్లు నిలకడగా నిలవలేదు, ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తున్నాడన్నాడు, తానెక్కడ ఉన్నదీ చెప్పలేకపోయాడు. ఎక్కడో దాచుకుని తాగాడని మేమే అనుకున్నాము. ఆ అనుమానంతో ఒక పగలూ ఒక రాత్రీ ఇంట్లోనే ఉంచేశాము. తరువాత తీసుకువెళ్ళిన ఆసుపత్రిలో కూడా తాగుబోతు కేసేనని, రెండు గ్లూకోజు సీసాలు ఎక్కించి పంపించారు. వాడి రోగానికి ఒక పేరుందని, దానికి సకాలంలో పడవలసిన సూది ఒకటుందని నెల తరువాత మరో నగరంలో నరాల వైద్యుడు చెప్పేదాకా మాకు తెలియదు. ఎవరిది తప్పో తేల్చడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మొదటి తప్పు మాదే.

ఆ రోగాన్ని 1881లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. అందుకే వెర్నికే వ్యాధి అంటారు. మద్యం మెదడుకు నేరుగా చేసే హాని ఒకటైతే, మెదడుకు అందవలసినదాన్ని అందకుండా చేసే హాని మరొకటి. ఈ వ్యాధి రెండో రకం. మెదడు తన పనికి గ్లూకోజును ఇంధనంగా వాడుకుంటుంది. ఆ గ్లూకోజు నుంచి శక్తి తీయడానికి థయమిన్ అనే బి1 విటమిన్ తప్పనిసరి. మన ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. రోజూ తాగేవారిలో పేగు దాన్ని సరిగా పీల్చుకోదు, కాలేయం సరిగా నిల్వ చేయదు, తాగుడుకు అలవాటుపడినవాడు అన్నం సరిగా తినడు. నిల్వ అడుగంటినప్పుడు మెదడులో కొన్ని భాగాలు, ముఖ్యంగా జ్ఞాపకాలను నమోదు చేసే దారిలో ఉండే చిన్న చిన్న కేంద్రాలు, ఆకలితో చచ్చిపోతాయి. అటువంటి స్థితిలో థయమిన్ ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్త నిల్వ కూడా ఖర్చయిపోయి పరిస్థితి విషమించవచ్చు. అందుకే గ్లూకోజుకు ముందు గానీ, కనీసం దానితో పాటు గానీ థయమిన్‌ను నరంలోకి ఎక్కించాలని వైద్యగ్రంథాలు చెబుతాయి. అదేమీ ఖరీదైన మందు కాదు. తూలే నడక, నిలవని చూపు, అయోమయం అనే మూడు లక్షణాలూ కలిసి కనిపించేది కొద్దిమంది రోగులలోనే కాబట్టి, అనుమానం వస్తే నిర్ధారణ కోసం ఆగకుండా ఇచ్చేయడమే మేలని మా వైద్యుడు చెప్పాడు.

ఇక్కడ మన అన్నం సంగతి కూడా చెప్పాలి. థయమిన్ బియ్యపు గింజ పైపొరలో, అంటే తవుడులో ఉంటుంది. తెల్లగా మర పట్టించిన పచ్చి బియ్యం తిని, కడుగు నీళ్ళతోను, వార్చిన గంజితోను మిగిలిన కాస్త విటమిన్‌ను పారబోసుకున్న ఫలితంగా, అప్పట్లో ఉత్తర సర్కారులనే పేరున్న మన కోస్తా జిల్లాల్లో థయమిన్ లేమితో వచ్చే బెరిబెరి వ్యాధి ఒకప్పుడు బాగా ఉండేది. ఈ రోజు హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒకే గదిలో మొదలైంది. దాని మొదటి పేరే బెరిబెరి పరిశోధన విభాగం. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. తిండి మెరుగుపడి, పప్పులు, పాలు, గుడ్లు నలుగురికీ అందుబాటులోకి వచ్చాక బెరిబెరి వెనక్కి తగ్గింది. కానీ రోజూ తాగి, రెండు ముద్దల తెల్లన్నంతో, పచ్చడి మెతుకులతో పొద్దుపుచ్చే మనిషికి ఆ పాత కరువు ఇంకా తీరలేదు. మా తమ్ముడు పాతికేళ్ళు లారీలకు ఎత్తించి పంపిన తవుడులోనే వాడి మెదడుకు కావలసినది ఉంది. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

వెర్నికే దశలో సరైన వైద్యం అందనివారిలో చాలామంది తరువాతి దశకు చేరుకుంటారు. దాన్ని 1887లో రష్యన్ వైద్యుడు సెర్గెయ్ కోర్సకోవ్ వర్ణించాడు. పాత జ్ఞాపకాలు చాలావరకు నిలుస్తాయి, కొత్తవి ఏర్పడవు. మా తమ్ముణ్ణి పదిహేడు పందొమ్ములు ఎంతరా అని అడిగితే తడుముకోకుండా మూడు వందల ఇరవై మూడు అంటాడు. ఐదు నిమిషాలు గడిచాక, ఆ ప్రశ్న అడిగినట్టు వాడికి తెలియదు. అంతకంటే బాధ పెట్టేది ఇంకొకటుంది. పొద్దున్న ఏం చేశావని అడిగితే, మిల్లుకు వెళ్ళి వచ్చానని, ఫలానా రైతు నలభై బస్తాలు తెచ్చాడని, కాటా దగ్గర పేచీ వచ్చిందని పూసగుచ్చినట్టు చెబుతాడు. మిల్లు మొహం చూసి ఏళ్ళు గడిచాయి. మొదట్లో వాడి పిల్లలు నాన్న అబద్ధాలకోరు అయ్యాడని సిగ్గుపడి, ఇంటికి ఎవరినీ రానివ్వలేదు. అవి అబద్ధాలు కావని, ఖాళీ అయిన చోటును మెదడు తనకు దొరికిన పాత ముక్కలతో పూడ్చుకుంటుందని, చెప్పే మనిషి దాన్ని నిజమనే నమ్ముతాడని వైద్యుడు వివరించాక ఆ ఇంట్లో కాస్త ఊరట కలిగింది. ఈ రాష్ట్రాలలో ఎన్ని ఇళ్ళలో ఇలాంటి మనుషులను అబద్ధాలకోరులని తిట్టి మూల కూర్చోబెడుతున్నారో అని నాకు దిగులుగా ఉంటుంది.

ఇదంతా మితిమీరి తాగేవారి సంగతి, మేము మితంగానే పుచ్చుకుంటాము అనేవారు ఉంటారు. వారికోసం ఒక చిన్న లెక్క చేసి చూపిస్తాను. మన దుకాణాలలో అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ములలో ఆల్కహాలు సాధారణంగా 42.8 శాతం. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో అది 77 మిల్లీలీటర్లు. బరువులో చెబితే దాదాపు 61 గ్రాములు. బ్రిటన్ ప్రభుత్వం 2016లో తన పౌరులకు చెప్పిన హద్దు వారానికి 14 యూనిట్లు, అంటే 112 గ్రాములు. అంటే రెండు క్వార్టర్లు పూర్తిచేస్తే వారం హద్దు దాటిపోయినట్టే. చిత్తవైకల్యం, అంటే డిమెన్షియా, ముప్పు గురించి పరిశీలించిన లాన్సెట్ కమిషన్, అంటే లాన్సెట్ అనే వైద్యపత్రిక ఏర్పరచిన నిపుణుల బృందం, వారానికి 21 యూనిట్లు, 168 గ్రాములు, దాటడాన్ని అతిగా తాగడం కింద లెక్కించింది. మూడు క్వార్టర్లకు అది కూడా దాటిపోతుంది. రోజుకొక క్వార్టరు తాగే మనిషి వారానికి 425 గ్రాములు తాగుతున్నాడు. మన ఊళ్ళలో వాణ్ణి తాగుబోతు అనరు. పద్ధతిగా ఒక్క క్వార్టరుతో ఆపేస్తాడని మెచ్చుకుంటారు. మా తమ్ముణ్ణి నేనే అలా మెచ్చుకున్నాను. బీరు పానీయం లాంటిదేననే నమ్మకం కూడా మన కుర్రాళ్ళలో బలంగా ఉంది. 8 శాతం ఆల్కహాలున్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో దాదాపు 41 గ్రాములు ఉంటాయి.

మితం అనుకునే మోతాదులు కూడా మెదడు మీద ముద్ర వేస్తాయని పెద్ద అధ్యయనాలు చూపిస్తున్నాయి. బ్రిటన్‌లో 36 వేలకు పైగా పెద్దవారి మెదడు స్కానులను పరిశీలించి 2022లో ప్రచురించిన పరిశోధనలో, తాగే మోతాదు పెరిగేకొద్దీ మెదడు పరిమాణం తగ్గినట్టు తేలింది. యాభై ఏళ్ళ వయసులో రోజుకు 8 గ్రాములు తాగేవారికీ 16 గ్రాములు తాగేవారికీ మధ్య కనిపించిన తేడా, మెదడుకు రెండేళ్ళ వయసు పెరిగినంత ఉంది. అంతకుముందు 2017లో వచ్చిన మరో అధ్యయనం 550 మందిని ముప్ఫై ఏళ్ళపాటు గమనించింది. వారెవరూ మద్యానికి బానిసలైనవారు కారు. అయినా వారానికి 14 నుంచి 21 యూనిట్లు తాగినవారిలో, జ్ఞాపకాలకు ఆయువుపట్టైన హిప్పోకాంపస్ అనే భాగం కుంచించుకుపోయే అవకాశం తాగనివారి కంటే మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇవి మోతాదుకూ మెదడుకూ మధ్య సంబంధాన్ని చూపించే పరిశీలనలే గానీ, ఒక్కొక్క మనిషికీ ఏం జరుగుతుందో చెప్పే జాతకాలు కావు. కొంచెం తాగితే మెదడుకు మంచిదని వెనుకటి కొన్ని అధ్యయనాలలో కనిపించడానికి ఒక కారణం ఉంది: తాగనివారి జాబితాలో, జబ్బుపడి తాగుడు మానేసినవారిని కూడా కలిపి లెక్కించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో, ఆరోగ్యానికి హాని చేయని మద్యం మోతాదు ఏదీ లేదని స్పష్టంగా ప్రకటించింది.

తాగిన మర్నాడు రాత్రి ఏం మాట్లాడానో గుర్తులేదని నవ్వుతూ చెప్పుకునేవారిని చూస్తుంటాము. అది నవ్వుకునే విషయం కాదు. రక్తంలో ఆల్కహాలు వేగంగా పెరిగినప్పుడు హిప్పోకాంపస్ జ్ఞాపకాన్ని నమోదు చేయడం ఆపేస్తుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, బండి కూడా నడుపుతాడు, కానీ లోపల చిట్టాలో ఏమీ రాయబడదు. రాయబడని దాన్ని మర్నాడు ఎంత గుర్తు చేసుకున్నా రాదు. అలాగే తాగి తూలిపడి తలకు దెబ్బ తగిలించుకున్న మనిషి వారం పది రోజుల తరువాత మందకొడిగా మారినా, మాట తడబడినా, అది తాగుడేనని వదిలేయకూడదు. ఏళ్ళ తరబడి తాగి మెదడు కుంచించుకుపోయినవారిలో పైపొరల కింది రక్తనాళాలు చిన్న దెబ్బకే తెగి, రక్తం నెమ్మదిగా చేరి మెదడును నొక్కవచ్చు. కాలేయం చెడినవారు పగలు నిద్రపోతూ రాత్రి మేలుకుంటూ, చేతిరాత మారిపోయి, పొంతన లేని మాటలు మాట్లాడితే, కాలేయం వడగట్టలేని విషపదార్థాలు మెదడుకు చేరుతున్నాయని గ్రహించి అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇవి వైద్యం ఉన్న జబ్బులు.

ఇక పొగ. పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అంత వేగంగా చేరడం వల్లనే అంత గట్టిగా పట్టుకుంటుంది. దమ్ము కొడితే గానీ బుర్ర పనిచేయదని పరీక్షలకు చదివే పిల్లలు, రాత్రి డ్యూటీలు చేసేవారు చెబుతారు. వారు అబద్ధం చెప్పడం లేదు. నికోటిన్‌కు అలవాటుపడిన మెదడు, అది అందనప్పుడు ఏకాగ్రత కోల్పోతుంది. అందగానే తిరిగి మామూలు స్థితికి వస్తుంది. అలవాటు లేని పిల్లవాడు ఊరికే ఉన్న స్థితికి చేరుకోవడానికి ఈ పిల్లవాడు డబ్బు పెట్టి సిగరెట్టు కొంటున్నాడు. మెదడులో ముందు భాగం, అంటే ముందుచూపు, నిగ్రహం, నిర్ణయం ఉండే చోటు, పూర్తిగా రూపుదిద్దుకునేది పాతికేళ్ళ వయసుకు గానీ కాదు కాబట్టి, పదహారేళ్ళకు మొదలైన అలవాటు ముప్ఫై ఏళ్ళకు మొదలైన దానికంటే లోతుగా వేళ్ళూనుతుంది. ఇంటర్ కళాశాలల చుట్టూ ఉండే టీ బడ్డీల దగ్గర విడి సిగరెట్లు అమ్మడాన్ని నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, నాకు చేతనైనంత పోట్లాడాను కూడా.

మన శరీరపు బరువులో మెదడు రెండు శాతమే, కానీ ఒంటికి అందే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే కావాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకుంటుంది. దానికి తోడు పొగ రక్తనాళాల లోపలి గోడలను గరుకు చేసి, ఇరుకు చేస్తుంది. పెద్ద నాళం మూసుకుపోతే పక్షవాతం వస్తుంది, అది అందరికీ తెలుస్తుంది. చిన్న చిన్న నాళాలు ఒక్కొక్కటిగా మూసుకుపోతే ఎవరికీ తెలియదు. మనిషి నెమ్మదిస్తాడు, చురుకు తగ్గుతుంది, చేస్తున్న పని మధ్యలో ఎక్కడున్నాడో మరచిపోతాడు. బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగులపై జరిగిన ఒక దీర్ఘకాల అధ్యయనం ఫలితాలు 2012లో వెలువడ్డాయి. పొగ తాగే నడివయసు పురుషులలో ఆలోచనాశక్తి ఇతరుల కంటే వేగంగా తగ్గినట్టు, కనీసం పదేళ్ళ ముందే మానేసినవారిలో ఆ అదనపు వేగం లేనట్టు అందులో కనిపించింది. ఈ రెండో మాట మొదటిదానికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం.

చుట్టలు, బీడీలు సిగరెట్ల లెక్కలోకి రావనుకోవడం కూడా పొరపాటే. నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ వాటిలోనూ ఉన్నాయి. శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాలలో వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవారిని అంగిలి క్యాన్సరు కోసం వైద్యులు దశాబ్దాలుగా పరీక్షిస్తున్నారు. ఆ అవ్వలను జ్ఞాపకశక్తి గురించి ఎవరైనా ఎప్పుడైనా అడిగారో లేదో.

తెలంగాణ పల్లెలలో, హైదరాబాదు శివార్లలో కల్తీ కల్లు మరో తీరు చెరుపు చేస్తోంది. అందులో డైజెపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. తాగేవాడు కల్లుకు అలవాటుపడ్డాననుకుంటాడు, నిజానికి వాడు మాత్రలకు అలవాటుపడ్డాడు. ఆ మందులు మోతాదు మించితే కొత్త జ్ఞాపకాలు ఏర్పడటాన్ని అడ్డుకుంటాయి. దొరకడం ఆగిపోతే మూర్ఛలు, భ్రాంతులు, పిచ్చి చేష్టలు వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇటువంటివారు ఎంతమంది వచ్చారో అప్పటి పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్ళు దాటిన పురుషులలో మద్యం తాగేవారు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. వీరందరి మెదళ్ళ ఆరోగ్యం ఒక ప్రజాసమస్య కాకుండా ఎలా పోతుంది?

మానేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక చెప్పకుండా ఉండలేను. ప్రతి ఏడూ కార్తీక మాసంలో అయ్యప్ప మాల వేసుకుని, వేలాదిమంది ఆ రోజు నుంచే మందు మానేస్తారు. ఆ నిష్ఠకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపినప్పుడు మొదటి రెండు రోజులలో మూర్ఛలు, రెండు మూడు రోజులకు ఒళ్ళంతా వణుకు, లేనివి కనిపించడం, తీవ్రమైన అయోమయం రావచ్చు, అది ప్రాణాపాయం. అటువంటివారు మాలకు వారం ముందే వైద్యుణ్ణి కలిసి, మందుల సాయంతో, థయమిన్ తీసుకుంటూ మానడం మంచిది. గురుస్వాములు ఈ ఒక్క మాట దీక్షకు ముందే చెబితే ఎంతోమందికి మేలు జరుగుతుంది. ఇంకొక సంగతి: తాగుడు ఆపిన కొన్ని వారాలలోనే మెదడు కొంతవరకు కోలుకోవడం మొదలుపెడుతుందని, ఏడాది పొడుగునా ఆపితే ఇంకా మెరుగుపడుతుందని స్కానులు చూపించాయి. నలభై ఒక్క రోజుల దీక్ష పూర్తయ్యేసరికి మనిషి ముఖంలోనే కాదు, మాటలోను, మతిలోను కనిపించే తేట దైవకృపతో పాటు ఆ కోలుకోవడం వల్ల కూడా. సరిగ్గా అది మొదలైన సమయంలోనే మాల తీసి మళ్ళీ దుకాణం మెట్లెక్కడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

ప్రభుత్వాలు చేయగలిగినవి ఉన్నాయి. ఆశా కార్యకర్తలు ముప్ఫై ఏళ్ళు దాటినవారి ఇళ్ళకు వెళ్ళి బీపీ, మధుమేహం, క్యాన్సరు ముప్పుల కోసం నింపే పత్రంలో పొగ, మద్యం గురించిన ప్రశ్నలు ఉన్నాయి. దగ్గరివారి పేర్లు, ఇంటి చిరునామా మరచిపోతున్నారా అనే ప్రశ్న కూడా ఉంది గానీ, దాన్ని అరవై దాటినవారినే అడుగుతారు. మా తమ్ముడి మెదడు యాభైకే చెడింది. పొగ లేదా మద్యం అలవాటుందని చెప్పిన ప్రతి మనిషినీ, వయసుతో పని లేకుండా, ఆ ప్రశ్న అడగాలి. అందుకు కొత్త పథకం అక్కరలేదు, ఆ పత్రంలో ఒక గీత మారిస్తే చాలు. రేషను దుకాణాల కోసం రూపొందించిన బలవర్ధక బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలపడం తప్పనిసరి చేశారు. థయమిన్ తప్పనిసరి కాదు. ఆస్ట్రేలియా 1991 నుంచి రొట్టెల పిండిలో థయమిన్ కలపడాన్ని చట్టబద్ధం చేసింది, ఆ తరువాత అక్కడ వెర్నికే కోర్సకోవ్ కేసులు తగ్గాయి. ఒకప్పుడు బెరిబెరి తాకిన మన నేలకు ఆ ఆలోచన ఎందుకు రాకూడదు? సిగరెట్టు పెట్టె మీద 2016 నుంచి 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉంటోంది. మద్యం సీసా మీద మాత్రం మద్యం ఆరోగ్యానికి హానికరమని, తాగి వాహనం నడపవద్దని చెప్పే రెండు చిన్న వాక్యాలే. జ్ఞాపకశక్తి పోతుందన్న మాట లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించినప్పుడు వారు కూలి డబ్బుల గురించి, తన్నుల గురించి, పిల్లల ఆకలి గురించి మాట్లాడారు. ఆ పోరాటంతో 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్ళకే నిషేధం సడలిపోయింది. నిషేధం సరైనదా కాదా అన్న చర్చలోకి నేను ఇప్పుడు వెళ్ళను. దుకాణం తెరిచి ఉన్నా మూసి ఉన్నా, ఇప్పటికే మతి తడబడుతున్న మనుషులు మన ఇళ్ళలో ఉన్నారు, వారికి వైద్యం కావాలి. 2024 నాటి లాన్సెట్ కమిషన్ నివేదిక డిమెన్షియాకు దారితీసే కారణాలలో మనిషి మార్చుకోగలిగినవి 14 ఉన్నాయని, వాటన్నిటినీ అదుపు చేయగలిగితే 45 శాతం వరకు కేసులను తప్పించడమో వాయిదా వేయడమో సాధ్యమని లెక్కించింది. పొగ, అతి మద్యం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి.

మీకు నా విన్నపం ఇది. మీ ఆరోగ్య పుటలో ఒక వారం ఈ విషయానికే కేటాయించి, రోజూ తాగే మనిషి నడక తూలినా, చూపు చెదిరినా, ఉన్నట్టుండి అయోమయంలో పడినా అది మత్తని సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళి, థయమిన్ గురించి వైద్యుణ్ణి అడగమని పెద్ద అక్షరాలతో వేయండి. మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ నంబరు 14416, పొగాకు మానడానికి జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356, రెండూ ఉచితం. వాటిని అప్పుడప్పుడు కాకుండా రోజూ ఒక మూలన ముద్రించండి.

మా తమ్ముడి సంగతులు రాయడానికి మా మరదలి అనుమతి, పిల్లల అనుమతి తీసుకున్నాను. పేరు, ఊరు వేయవద్దని వారు కోరారు. దయచేసి ఆ కోరికను మన్నించగలరు.

ఇట్లు
భవదీయుడు
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు
పశ్చిమ గోదావరి జిల్లా